బార తక్కువైన తారాజువ్వ

నీలజంఘుడనే మాంత్రికుడు గద్ద రూపమెత్తి దక్షిణ సముద్రం మీదికి ఎగిరిపోయిన ఆ ఉదయాన, అతగాడి కోటకు ఆమడ దూరంలో ముళ్లపొదల లోయలో ఇద్దరు మనుషులు పోట్లాడుకుంటున్నారు. ఒకడు యువరాజు జయధీరుడు. రెండోవాడు జువ్వలు కట్టే మైలారుడు. పోట్లాట దేనికయ్యా అంటే, చెక్కపలక మీది గీత దగ్గర! ప్రాణాలు అరచేతిలో పెట్టుకొచ్చినవాళ్లు గీత కోసం కొట్టుకోవడమేమిటని నవ్వుతారేమో. నవ్వకండి. ఆ గీత మీద ఒక ఆడపడుచు ప్రాణం ఆధారపడి ఉంది.

ఆమె పేరు కుందమ. మైలారుడికి అక్క. తల్లి పురిట్లోనే కన్నుమూస్తే, తనే ఇంకా బొమ్మలాట ఆడుకునే పిల్ల, ఈ మైలారుణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆ పెంచడమే ఆమె కొంప ముంచింది. కనకుండా తల్లి అయిన స్త్రీని మూడేళ్లు బంధించి ఉంచి, గడువు తీరిన మర్నాటి సూర్యోదయాన బలి ఇస్తే తనకిక చావుండదని నీలజంఘుడికి ఏ దయ్యం చెవిలో ఊదిందో! ఎత్తుకుపోయి ఒంటిస్తంభం మేడ మీద పెట్టాడు. ఆ సూర్యోదయం రేపే. బలి ఇచ్చేవాడు ముందుగా సముద్రస్నానం చేసి రావాలట, అందుకే పోయాడు. పొద్దుగూకేసరికి తిరిగొస్తాడు. అంతవరకే వీళ్లకు వ్యవధి.

ఇక ఆ మేడ సంగతి. నల్లరాతి స్తంభం, చీమ ఎక్కబోయినా జారిపడేటంత నునుపు. దాని నెత్తిన పగడాల పిట్టగోడ, పచ్చలు తాపిన గవాక్షాలు, ముత్యాల జాలరులు, వాటన్నిటి మీదా బంగారు కలశం. ఎండ పొడ తగిలితే చాలు, నెమలి పురి విప్పినట్టు రంగులు చిమ్ముతుంది. అందానికేం లోటు లేదు, మెట్లే లేవు. నేల నుంచి పిట్టగోడ అంచుకు అరవై బారలు. బార అంటే తెలుసుగా, రెండు చేతులూ చాచినప్పుడు ఈ వేలికొస నుంచి ఆ వేలికొసకు. మనిషి నిలువెత్తూ ఇంచుమించు అంతే.

అంత ఎత్తుకు ఎక్కగలిగినది ఒక్క తారాజువ్వే. దాని తోకకు పట్టుదారం కట్టి వదిలితే, పిట్టగోడ మీదుగా దూకి అవతల పడుతుంది. దారం కుందమ చేతికి చిక్కుతుంది. ఆమె లాగుతుంటే దారం వెంట నులకతాడు, నులకతాడు వెంట మోకు పైకి పోతాయి. ఉపాయం బాగానే ఉంది. జువ్వ అంత ఎత్తు ఎక్కుతుందా లేదా అన్నదే తేలాలి.

అది తేల్చడానికే ఆ చెక్కపలక. అర్ధచంద్రాకారంలో ఉంటుంది. తిన్నటి అంచు వెంబడి కన్ను పెట్టి, జువ్వ ఎక్కడ ఆగి తల వాల్చిందో అక్కడికి గురిచూస్తారు. పలక నడుమ నుంచి వేలాడే దారానికి సీసపు గుండు కట్టి ఉంటుంది. గురి పైకి పోయేకొద్దీ దారం గీతల మీద పక్కకు జరుగుతుంది. సరిగ్గా నడిమి గీత మీద నిలిచిందా, జువ్వ కాల్చిన చోటికి నువ్వెంత దూరాన ఉన్నావో జువ్వ అంతెత్తు ఎక్కినట్టు. నీ కంటి ఎత్తు ఒక్కటీ పైన కలుపుకోవాలి. గీత దాటితే ఇంకా ఎత్తు, దాటకపోతే తక్కువ. ఇంతే విద్య.

మైలారుడి దగ్గర ఉన్నవి రెండే జువ్వలు, కవల పిల్లల్లా ఒకే తూకానివి. ఒకటి అంతే దారం కట్టి లోయలో కాల్చి చూసి, రెండోది మేడ దగ్గర వదలాలని ఏర్పాటు. కాల్చిన గుంటకు పడమట అరవై బారల దూరంలో మైలారుడు నిలబడ్డాడు. గాలి పడమటి నుంచి వీస్తోంది. గాలికి వీపు పెట్టి కొలవడం వాళ్ల ఇళ్లలో తాతల నాటి ఆనవాయితీ. పొగ కళ్లలో పడదు కదా! యువరాజుకు ఊరికే ఉండడం చాతకాక, రెండో పలక తీసుకుని తూర్పున అరవై బారల్లో నిలబడ్డాడు. పొగంతా అతని ముఖానికే కొట్టింది.

"నడిమి గీత మూడు గీతలు దాటింది దొరా! అరవై ఏడు బారలు, కంటి ఎత్తు వేరే!" అని మైలారుడు గంతులేస్తూ వచ్చాడు.

"దాటలేదు మైలారూ. నాలుగున్నర గీతలు ఇవతలే ఆగింది. నా లెక్కకు యాభై ఒకటి."

"ఆ పొగలో నీకేం కనబడిందో! మా తాతలు పిచ్చివాళ్లా, గాలికి వీపు పెట్టమంది?"

"కళ్లు మండాయి, ఒప్పుకుంటా. గుడ్డివాణ్ణి కాలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బాణాలు వేస్తున్నాను, కొస ఎక్కడుందో నాకు తెలీదా?"

"బాణం వేరు, జువ్వ వేరు!"

"ఏం వేరయ్యా? దానికి ఈకలు, దీనికి తోక. వెనక ఉన్న ఈకల్ని గాలి తోస్తే బాణం ములుకు గాలి వచ్చే వైపుకే తిరుగుతుంది. నీ జువ్వ కూడా అలాగే నీ వైపుకి వాలింది. నేను చూశాను."

మైలారుడికి అప్పుడు లెక్క తట్టింది. తన వైపుకి వాలినది తనకు నిటారుగానే కనబడుతుంది. దగ్గరికొచ్చింది కనక ఎక్కువ ఎత్తుగా కనబడుతుంది. అవతలివాడికి దూరమైంది కనక తక్కువగా కనబడుతుంది. ఇద్దరి గీతలూ సరైనవే! అతను గబగబా ఇసుక చదును చేసి, తమ ఇద్దరి నడుమ దూరానికి గుర్తుగా, పది బారలకు ఒక బెత్తెడు చొప్పున నేల మీద గీత గీశాడు. ఆ కొస తన పలక గీత ప్రకారం ఒక వాలుగీత, ఈ కొస యువరాజు గీత ప్రకారం ఇంకో వాలుగీత. రెండూ కలిసిన చోటు నుంచి మొదటి గీతకు బెత్తెలు వేసి చూస్తే యాభై ఎనిమిది బారలు తేలింది. కంటి ఎత్తు కలిపితే యాభై తొమ్మిది.

మేడ అరవై. ఒక్క బార తక్కువ.

"బార ఎంతలే! నాలుగు రాళ్లు పేర్చి దాని మీద నుంచి కాల్చుదాం," అన్నాడు యువరాజు.

మైలారుడు వినిపించుకోలేదు. ఇసుకలో కూలబడి ముఖం కప్పుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎందుకేడవడు? రెండేళ్ల కిందట అతని తండ్రి బొల్లన, ఏడు రాజ్యాల్లో జువ్వ కట్టడంలో సాటిలేని బొల్లన, ఇదే మేడ మీదికి ఇలాంటి జువ్వే వదిలాడు. మాంత్రికుడు పగటినిద్రలో ఉన్న వేళ అది. అంతకుముందు కొలత చూసింది మైలారుడే. "ఏడు బారలు మిగులు అయ్యా! కళ్లు మూసుకుని వదులు!" అన్నదీ అతనే. జువ్వ పిట్టగోడ అందుకోలేక గోడకు తగిలి పేలింది. ఆ చప్పుడుకు నీలజంఘుడు లేచాడు. "మందు తడిసిందిరా, పారిపో!" అని కొడుక్కి కేక పెట్టిన మరుక్షణం బొల్లన నిలబడ్డ చోటే రాయయ్యాడు.

ఆ రెండేళ్లూ మైలారుడు కనబడ్డవాడికల్లా చెప్పాడు. మా అయ్య మందు ఆరబెట్టడం మరిచాడు, ముసలితనంతో మతి తప్పాడు, అక్కను పోగొట్టాడు అని. తండ్రి మీద కోపంతో అన్నం ముద్ద కూడా సరిగా మింగలేదు.

"అయ్య తప్పు కాదు దొరా," అన్నాడు ఇసుకలో నుంచి తలెత్తకుండానే. "తప్పుడు కొలత చెప్పింది నేను. మందు తడిసిందని ఆయన పొరబడ్డాడు. ఆయన్ని రాయి చేసింది మాంత్రికుడు కాదు, నేను."

జయధీరుడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. మొసళ్ల మడుగులో మైలారుడు తన ప్రాణం కాపాడిన నాటి నుంచి అతనికి వీడు తమ్ముడి లెక్క. "లే. ఏడుకొలనుల లోయలో ప్రాణజలం ఉంది. మీ అక్కను దించగానే అక్కడికే పోదాం. రాయి బీటవారకుండా ఉంటే చాలు, ఒక్క దోసెడు చల్లితే మనిషి లేచి కూర్చుంటాడు. మాటిచ్చాను కదా! లేచాక ఆయన కాళ్ల మీద పడుదువు గాని."

ఏడవడానికైనా పొద్దుండాలి. మైలారుడు కళ్లు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి కోట వాకిట ఇద్దరు గాజులవాళ్లు ప్రత్యక్షమయ్యారు. భుజాన గాజుల మలారం, ముఖాన బూడిద, నెత్తిన మాసిన పాగా. మలారం నడుమ గాజుల కింద జువ్వ, దారం, తాళ్లు, యువరాజు విల్లు, కత్తి దాచి ఉన్నాయి. వాకిట కాపలా బండోదరి అనే రక్కసి. తాటిదుంగల్లాంటి చేతులు, కొప్పెరంత నోరు, ఆ నోట్లో నములుతున్నది ఏ జంతువో తెలియని ఎముక.

"ఎవర్రా అది? నరవాసన కొడుతోంది!"

"నరులమే తల్లీ, గాజులవాళ్లం. నీ చేతులు బోసిగా ఉన్నాయని విని మనసు ఊరుకోక వచ్చాం," అన్నాడు యువరాజు వంగి వంగి.

రక్కసి నమలడం ఆపింది. "నా చేతికి పట్టే గాజు ఏ కొలిమిలో పోశార్రా?"

"నీ కోసమే పోయించాం!" అంటూ మైలారుడు బండిచక్రానికి తొడిగే ఇనుపపట్టా ఒకటి తీశాడు. "ఇది జోడుగాజు, మహారాణులు తొడుక్కునేది. రెండు చేతులూ ఒక్కసారే దూర్చాలి. అదుగో, ఆ రాతికంబాన్ని కావిలించుకుని చేతులు చాపు తల్లీ. కదిలావా, గాజు చిట్లుతుంది. ఆపైన మమ్మల్ని అనొద్దు."

ముచ్చట రక్కసికైనా ముచ్చటే. సిగ్గుపడుతూ కంబాన్ని వాటేసుకుని చేతులు చాచింది. పట్టా మణికట్లకు ఎక్కింది. మైలారుడు పట్టా సందున ఇనుపచీల ఒకటి పెట్టి నాలుగు దెబ్బలు వేశాడు. బండోదరి అటూ ఇటూ మణికట్లు తిప్పి మురిసిపోయింది. ఇంకో చేతికి రంగుది కూడా ఉందా అని అడగబోయి, చెయ్యి రాకపోవడం చూసి అప్పుడు అరిచింది చూడండి, కోట కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. అరిస్తే ఏం లాభం, వినేవాడు సముద్రంలో ఉన్నాడు!

ఇద్దరూ పరుగు పరుగున స్తంభం ముందరి మైదానంలోకి వచ్చారు. ఉప్పు చల్లినట్టు తెల్లటి నేల. పచ్చిక లేదు, పురుగు లేదు. యువరాజు ప్రహరీ పక్కనుంచి రాయి ఎత్తుకొచ్చి నేల మీద పెట్టాడు. పెట్టీ పెట్టకముందే అది పిండిలా రాలిపోయింది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. కోపంగా విల్లు పాతాడు, బూడిదైంది.

"నీకు తెలుసా ఇది?" అన్నాడు.

"తెలుసు దొరా. మనిషి చేత్తో నిలబెట్టినదేదీ ఈ నేల మీద నిలవదు. నిచ్చెన గానీ, మంచె గానీ, ఇటుక గానీ. మా అయ్య నేల గుంటలోంచి కాల్చింది అందుకే. మాంత్రికుడు నిలబెట్టినదొక్కటే నిలుస్తుంది."

అది వాళ్ల ఎదురుగానే ఉంది. స్తంభానికి తూర్పున కొద్ది దూరంలో, రెండు చేతులూ ఆకాశానికెత్తి, నోరు తెరిచి, రాతి బొల్లన. మెడలో రాతి పలక వేలాడుతోంది. గడ్డంలో ఒక్కొక్క వెంట్రుకా తెలుస్తోంది. పాదం నుంచి ఎత్తిన అరచేతుల దాకా బారెడు పైన పావు బార. గాలి పడమటి నుంచే వీస్తోంది. ఇక్కడ వదిలిన జువ్వ గాలికి ఎదురు వాలి సరిగ్గా మేడ మీదికే పోతుంది.

మైలారుడు ఆ అరచేతుల వైపు చూడగానే యువరాజుకు అర్థమైంది. "వద్దు మైలారూ. నా చేతికివ్వు, ఎత్తి పట్టుకుంటాను."

"మంట నీ ముఖానికి తగిలితే కదలకుండా ఉంటావా దొరా? నువ్వు వెంట్రుకవాసి కదిలితే పైన అది నాలుగు బారలు పక్కకు పోతుంది. ఉన్నది ఒక్కటే జువ్వ."

"ఆ నిప్పుకు రాయి పగులుతుంది! ఇక ప్రాణజలం తెచ్చి ఏం లాభం?"

"తెలుసు."

"మీ నాన్నరా!"

"తెలుసు దొరా! తెలుసు, తెలుసు! నువ్వు మళ్లీ మళ్లీ చెప్పకు!"

పొద్దు వాలుతోంది. పైన పిట్టగోడ మీదికి ఒక ముఖం వంగింది. కుందమ. రెండేళ్లుగా రోజూ పొద్దున లేచి కిందనున్న తండ్రి రాతినెత్తిని చూసుకుంటున్న మనిషి. తమ్ముడు జువ్వ పట్టుకుని ఆ రాయి దగ్గరికి నడవడం చూడగానే ఆమెకు సంగతంతా తెలిసిపోయింది. పైట తీసి వద్దు వద్దని ఊపింది. "నన్ను వదిలెయ్యరా! అయ్యను కాల్చకు!" అన్న కేక సన్నగా కిందికి వచ్చింది.

మైలారుడు తండ్రి పాదాల మీద తల ఆనించాడు. "అయ్యా, నిన్ను రెండేళ్లు తిట్టాను. నీ ముందు లెంపలేసుకుందామనుకున్నాను, ఆ భాగ్యం లేకపోయింది. ఒక్క బార తక్కువైంది అయ్యా. నువ్వే ఎత్తి పట్టుకోవాలి." తరవాత తండ్రి మోకాలి మీద, నడుం మీద కాలు పెట్టి, చిన్నప్పుడు తిరునాళ్లలో ఎక్కినట్టు భుజాల మీదికెక్కాడు. జువ్వ తోకకర్రను ఆ రెండు అరచేతుల సందున కిందికి దించి, వత్తి అంటించి దూకాడు.

జువ్వ బుసకొట్టింది. నిప్పులధార బొల్లన అరచేతుల మీదుగా, నుదుటి మీదుగా, తెరిచిన నోటి మీదుగా కారింది. ఆ చేతులు కదల్లేదు. జువ్వ ఒక్క ఊపున లేచి, పట్టుదారం వెంట తోడుకుని, గాలి వైపు తల తిప్పి, ఎక్కి ఎక్కి, పగడాల పిట్టగోడ అంచును రాసుకుంటూ అవతలికి దూకింది. పావు బార మిగులు. అంతకు మించి వెంట్రుకవాసి లేదు.

"పడింది! దారం పడింది!" అని యువరాజు అరుస్తుండగానే ఫెళ్లుమని ఇంకో చప్పుడైంది. బొల్లన నుదురు నుంచి రొమ్ము దాకా బీట పడింది. తల రెండు చెక్కలైంది. చేతులు మణికట్ల దగ్గర విరిగి ఉప్పునేల మీద పడ్డాయి.

మైలారుడు అటు చూడలేదు. దారానికి నులకతాడు ముడి వేశాడు, నులకతాడుకు మోకు ముడి వేశాడు. అతని వేళ్లు వాటంతటవే పనిచేస్తున్నాయి, కళ్ల వెంట నీళ్లు వాటంతటవే కారుతున్నాయి. మోకు పైకి పోయింది, మేడ మీది కంబానికి బిగిసింది. కుందమ చేతులకు గుడ్డపేలికలు చుట్టుకుని జారడం మొదలుపెట్టింది. సగం దూరంలో ఒకసారి పట్టు తప్పింది, గిర్రున తిరిగింది, మళ్లీ నిలదొక్కుకుంది. నేలకు దిగేసరికి పేలికల నిండా నెత్తురు.

దిగీ దిగగానే ఆమె తమ్ముణ్ణి కావిలించుకోలేదు. తిన్నగా రాతిముక్కల దగ్గరికి పోయి కూర్చుంది.

"నన్ను కొట్టు అక్కా," అన్నాడు మైలారుడు. "మొదటిసారి కొలత తప్పింది నేను. మందు తడిసిందని అయ్య పొరబడ్డాడు, నేనూ అదే నమ్మి ఆయన్నే..."

"పొరబడలేదురా," అంది కుందమ. "నేను పైనుంచి చూస్తున్నాను కదా. జువ్వ గాలి వైపు వాలడం నాకు కనబడింది. అయ్యకూ కనబడింది. పలక ఎత్తి చూసుకున్నాడు. తరవాత నీ వైపు చూశాడు, నువ్వు గాలికి వీపు పెట్టి నిలబడి ఉన్నావు. తల పట్టుకున్నాడు. అంతా తెలిశాకే అరిచాడు, మందు తడిసిందని. నువ్వు బతికినన్నాళ్లూ కుమిలిపోతావని. ఆ మందు ఆయన మూడు ఎండల్లో ఆరబెట్టాడురా, తడుస్తుందా?"

మైలారుడు అలాగే నిలబడి నోరు తెరిచాడు, తండ్రి తెరిచినట్టే.

ఇంతలో దక్షిణాన గద్ద అరుపు వినబడింది. ఆకాశపు అంచున నల్లటి చుక్క, చూస్తుండగానే చేటంతయింది. వాకిట బండోదరి "వచ్చాడు! నా రాజు వచ్చాడు!" అని కంబాన్ని ఊపేస్తోంది. ఆ ఊపుకు కోటగోడ మీది సున్నం రాలుతోంది.

"పదండి, పదండి! గుర్రాలు ప్రహరీ అవతలే ఉన్నాయి!" జయధీరుడు కత్తి దూసి ముందుకు ఉరికాడు.

కుందమ వంగి, విరిగిపడ్డ తండ్రి చేతులు రెండూ ఒళ్లోకి తీసుకుంది. ఇంకా వేడిగా ఉన్నాయి. అరచేతుల్లో జువ్వ మసి అంటుకుని ఉంది. వాటిని రొమ్ముకు అదుముకుని నాలుగడుగులు పరుగెత్తి, తడబడి ఆగింది.

"మోయలేకపోతున్నాను తమ్ముడూ," అంది. "ఒక చెయ్యి నువ్వు పట్టుకో."

మైలారుడు పట్టుకున్నాడు. అలా పట్టుకునే పరుగెత్తారు. వాకిలి దాటేలోపే గద్ద నీడ ఆ ముగ్గురి మీదా పడింది.